ముందు అద్దం మార్చాక అడాస్ కెమెరా కాలిబ్రేషన్: మొదటి నుంచి చివరి దాకా

మొన్న వానాకాలం ములుగు రోడ్డులో ఇసుక లారీ నుంచి రాయి ఎగిరి మా బావ కారు ముందు అద్దానికి తగిలింది. హన్మకొండలో ఒక గ్లాసు దుకాణంలో పొద్దున ఇచ్చి, సాయంత్రానికల్లా కొత్త అద్దంతో ఇంటికి తెచ్చుకున్నాడు. మూడో రోజు రఘునాథపల్లి దాటాక ఫోను చేశాడు. "బామ్మర్దీ, లేన్ మధ్యలనే పోతున్న గని స్టీరింగ్ ఎడమకు గుంజుతాంది. అలైన్‌మెంట్ పోయిందంటవా?"

అలైన్‌మెంట్ బాగానే ఉంది. పాత అద్దానికి ఉన్న అడాస్ కెమెరాను (లేన్ గీతలను, ముందు వాహనాలను చూసి డ్రైవర్‌కు సాయం చేసే వ్యవస్థకు కన్ను లాంటిది) తీసి కొత్త అద్దానికి తగిలించారు, అంతే. కాలిబ్రేషన్, అంటే కెమెరా చూపును మళ్లీ సరిగ్గా కుదిర్చే పని, చేయలేదు. దుకాణంలో అడిగితే "ఏం కాదు సార్, రెండు రోజులు నడిస్తే అదే సెట్ అయితది" అన్నారట. చాలా కార్లలో అదే సెట్ కాదు. స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివి, దానికి ఆజ్ఞలిచ్చే పరికరం) తగిలించి పని మొదలుపెట్టిస్తేనే అవుతుంది.

ఎందుకింత పట్టింపు అంటారా? కెమెరా చూపు 1 డిగ్రీ పక్కకు జరిగితే 50 మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్లు, 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు తేడా వస్తుంది. హైవే మీద లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేన్ తప్పు. ఆ ఒక్క డిగ్రీ రావడానికి కెమెరాను అద్దానికి పట్టి ఉంచే పది సెంటీమీటర్ల బ్రాకెట్ ఒక చివర 2 మిల్లీమీటర్ల లోపు లేచినా చాలు.

బావ సంగతి విన్నప్పటి నుంచి, అద్దం మార్చాక కెమెరాకు ఏం చేయించాలని చాలామంది నన్ను అడిగారు. అందుకే చేయాల్సిన వరుసలోనే అంతా రాస్తున్నాను.

## 1. మీ కారుకు ఇది అవసరమా?

లోపలి అద్దం (వెనక వచ్చేవాళ్లను చూసేది) వెనుక నల్ల డబ్బా కనిపించగానే కెమెరా అనుకోవద్దు. కొన్ని కార్లలో అది వాన సెన్సర్ మాత్రమే. బయట నిలబడి అద్దం పైభాగం మధ్యలో చూడండి. గుండ్రటి లెన్సు కనిపిస్తే కెమెరా. కారు సెట్టింగుల్లో లేన్ కీప్, ముందు వాహనం ఢీ హెచ్చరిక, ఆటోమేటిక్ బ్రేక్ లాంటివి ఉన్నాయేమో కూడా చూసుకోండి.

ఎక్స్‌యూవీ700, హారియర్, సఫారీ, క్రెటా, వెర్నా, సెల్టోస్, ఎలివేట్, ఆస్టర్, ఇన్నోవా హైక్రాస్ లాంటి వాటిలో ఇది పై వేరియంట్లలో వస్తుంది. అదే పేరున్న కారు కింది వేరియంట్‌లో ఉండకపోవచ్చు. పక్కింటాయన కారుకు అక్కర్లేకపోయిందంటే మీ కారుకూ అక్కర్లేదని కాదు.

కొన్ని కార్లలో గ్రిల్ దగ్గర రాడార్ కూడా ఉంటుంది. అద్దం మార్చినంత మాత్రాన దాని జోలికి పోనక్కర్లేదు. బంపర్ విప్పితే మాత్రం దాని లెక్క వేరు.

## 2. అద్దం దించకముందే తేల్చుకోవాల్సినవి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. అద్దం ఎక్కాక "మా దగ్గర కాలిబ్రేషన్ కాదు సార్, షోరూమ్‌కు పోండి" అంటే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

బీమా. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అద్దానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి ఇచ్చే బీమా) ఉంటే వస్తుంది. అద్దానికి తరుగుదల కోత ఉండదు. తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సిన వాటా 1500 సీసీ దాకా 1000 రూపాయలు, ఆపైన 2000 రూపాయలు. అయితే క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, దాన్ని కాపాడే యాడ్ ఆన్ ఉంటే తప్ప. 50 శాతం బోనస్ ఉన్నవాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకుని అప్పుడు కంపెనీకి ఫోను చేయండి. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూడకముందు, లేదా ఫొటోలు పంపి ఒప్పుకోలు రాకముందు అద్దం దించనివ్వొద్దు.

ఎస్టిమేట్. అద్దం, అతికించే మందు, కూలి, కాలిబ్రేషన్ నాలుగూ వేర్వేరు వరుసల్లో రాయించండి. కాలిబ్రేషన్ మొదటి ఎస్టిమేట్‌లోనే ఉంటే సర్వేయర్‌తో అప్పుడే మాట్లాడుకోవచ్చు. తర్వాత కలపమంటే గొడవే.

అద్దం. పాత అద్దం మూల మీద తయారీదారు గుర్తు, ఐఎస్ఐ గుర్తు ఉంటాయి. ఫొటో తీసుకోండి. కొత్తది ఛాసిస్ నంబరుతో సరిచూసి తెప్పించమనండి. మోడల్ పేరు చెప్పి తెప్పిస్తే కెమెరా లేని వేరియంట్ అద్దం వచ్చే ప్రమాదం ఉంది. రెండూ ఒకే కొలతలో ఉంటాయి, చక్కగా కూర్చుంటాయి కూడా. కానీ బ్రాకెట్ ఉండదు. అప్పుడు పాత బ్రాకెట్ పీకి జిగురుతో అంటించే పనితనం మొదలవుతుంది. దానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు.

ఫోనులోనే అడగాల్సినవి:

- నా కారు మోడల్‌కు, సంవత్సరానికి కాలిబ్రేషన్ మీ దగ్గరే చేస్తారా, బయటికి పంపుతారా?
- కారు ముందు గుర్తులున్న బోర్డు పెట్టి చేస్తారా, రోడ్డు మీద నడిపి చేస్తారా, రెండూనా?
- అయ్యాక స్కానర్ రిపోర్టు ప్రింటు ఇస్తారా?

మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఇంకో చోటు చూసుకోండి. వరంగల్‌లో మీ కంపెనీ షోరూమ్‌లో ఆ బోర్డు లేకపోతే హైదరాబాద్ పోవాల్సి రావచ్చు. అప్పుడు అద్దం కూడా అక్కడే మార్పించుకోవడం నయం. అద్దం ఒకరు, కాలిబ్రేషన్ ఇంకొకరు చేస్తే, ఫెయిలైన రోజు ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

ఇంకొకటి. చిన్న చుక్కంత దెబ్బ అయితే రెసిన్ (గట్టిపడే పారదర్శక జిగురు) నింపి సరిచేస్తారు, అద్దం మార్చక్కర్లేదు. ఆ చుక్క కెమెరా ముందు భాగంలో ఉంటే మాత్రం రెసిన్ పనికిరాదు. ఎండాకాలం 43, 44 డిగ్రీల్లో నిలబెట్టిన కారులో ఒక్కసారిగా ఏసీ పెడితే చుక్క కాస్తా గీత అవుతుంది. అందుకే వాయిదా వేయొద్దు.

## 3. అద్దం ఎక్కించే రోజు

వీలైతే దగ్గరుండండి. పని చేసేవాళ్లకు అడ్డం పడనక్కర్లేదు, ఈ కొన్నిటి మీద కన్నుంచితే చాలు.

- మొదట స్కానర్ పెట్టి, అప్పటికే కారులో ఉన్న తప్పుల కోడ్‌లు రాసుకోవాలి. లేకపోతే తర్వాత కనిపించిన కోడ్ పాతదో కొత్తదో తెలియదు.
- ఇగ్నిషన్ ఆపాకే కెమెరా కనెక్టర్ తీయాలి. తీసిన కెమెరాను మెత్తటి గుడ్డ మీద, లెన్సు పైకి ఉండేలా పెట్టాలి. డ్యాష్‌బోర్డు మీద ఎండలో పడేయకూడదు.
- లెన్సును వేలితో ముట్టుకోకూడదు, గ్లాసు క్లీనర్ కొట్టకూడదు.
- పాత జిగురును రేకు దాకా గీకేయకుండా 1, 2 మిల్లీమీటర్ల పొర వదలాలి. రేకు గీసుకుపోయిన చోట ప్రైమర్ పూయాలి. లేకపోతే రెండు వానాకాలాలకు తుప్పు మొదలు.
- జిగురు ట్యూబు మీద గడువు తేదీ చూడండి. అడగడానికి మొహమాటం వద్దు.
- అద్దం కూర్చున్నాక రెండు పక్కలా సందు సమానంగా ఉందో చూడండి.
- కెమెరా కవర్ మూసేముందు అక్కడి అద్దం లోపలి వైపు తుడిచి, వేలిముద్రలు లేకుండా చేయాలి. కవర్ మూశాక అక్కడికి చేయి పోదు.

ఆ తర్వాత ఆగాలి. జిగురు ఎన్ని గంటలకు బండి నడిపేంత గట్టిపడుతుందో ట్యూబు మీదో డబ్బా మీదో రాసి ఉంటుంది. కొన్నిటికి గంట, కొన్నిటికి చాలా గంటలు. ఇది లాంఛనం కాదు. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఈ అద్దాన్నే ఆనుకుంటుంది. అద్దం ఊడివస్తే ఎయిర్‌బ్యాగ్ ఉండీ దండగ.

మొదటి రోజు తలుపులు ధడేల్‌మని వేయొద్దు. ఒక కిటికీ రెండు వేళ్లంత దించి ఉంచండి. అన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి పచ్చి జిగురును తోస్తుంది. టేపులు పీకొద్దు, ప్రెజర్ వాటర్ వాష్ రెండు రోజులు వద్దు.

జిగురు గట్టిపడక ముందే కాలిబ్రేషన్ చేస్తే అద్దం వెంట్రుకవాసి సర్దుకున్నా పని మళ్లీ మొదటికి వస్తుంది.

## 4. కాలిబ్రేషన్‌కు ముందు కారును సిద్ధం చేయడం

బోర్డు పెట్టే పని తక్కువ, దానికి ముందు పని ఎక్కువ. కెమెరా ఎత్తు, కారు ముక్కు ఏ దిక్కు చూస్తోంది అనే రెండింటి మీదే మొత్తం లెక్క ఉంటుంది. ఆ రెంటినీ మార్చేవన్నీ ముందే సరిచేయాలి.

- నాలుగు టైర్ల గాలి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత. "అందాజగా 35 కొట్టిన" అంటే కుదరదు.
- టైర్ల సైజు కంపెనీదే ఉండాలి. పెద్ద అల్లాయ్‌లు వేసుకున్నవాళ్లు ఈ మాట ముందే చెప్పాలి.
- డిక్కీ ఖాళీ చేయండి. పెళ్లి సామాను, ఎరువు బస్తా, క్రికెట్ కిట్టు, ఏదైనా సరే. వెనక బరువుంటే ముక్కు పైకి లేస్తుంది.
- పెట్రోలు ఎంత ఉండాలో మోడల్‌ను బట్టి ఉంటుంది. కొన్నిటికి ట్యాంకు నిండుగా కావాలి.
- వీల్ అలైన్‌మెంట్ అనుమానం ఉంటే ముందు అది. కాలిబ్రేషన్ అయ్యాక అలైన్‌మెంట్ చేయిస్తే ఈ పని మళ్లీ చేయాల్సి రావచ్చు. ఈ వరుస తలకిందులు చేసి రెండుసార్లు డబ్బు కట్టినవాళ్లు నాకు తెలుసు.
- స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ (స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పేది) సున్నా చూపుతుందో స్కానర్‌లో చూడాలి.
- బ్యాటరీకి సపోర్ట్ ఛార్జర్ తగిలించాలి. ఇగ్నిషన్ చాలాసేపు ఆన్‌లో ఉంటుంది, వోల్టేజీ పడిపోతే మధ్యలో ఆగిపోతుంది.
- అద్దం బయటా లోపలా శుభ్రంగా ఉండాలి.

## 5. షెడ్డులో బోర్డు పెట్టి చేసేది

దీన్ని స్టాటిక్ కాలిబ్రేషన్ అంటారు. కారు ముందు, కంపెనీ చెప్పిన దూరంలో, చెప్పిన ఎత్తులో నలుపు తెలుపు గుర్తులున్న బోర్డు పెడతారు. స్కానర్ ఆజ్ఞ ఇస్తే కెమెరా ఆ బోర్డును చూసి తన చూపు ఎంత పక్కకు ఉందో లెక్క కట్టుకుంటుంది. బాష్, ఆటెల్, లాంచ్ లాంటి కంపెనీల ఫ్రేములు, కార్ల కంపెనీల సొంత బోర్డులు రెండూ వాడుకలో ఉన్నాయి. దేనితో చేసినా కొలత తప్పితే ఫలితం తప్పే.

చోటు ఎలా ఉండాలంటే: నేల సమతలంగా, కారు ముందు, పక్కల బోర్డు ఫ్రేముకు సరిపడా ఖాళీ, వెలుతురు అంతటా ఒకేలా. మన దగ్గర రేకుల షెడ్లలో మూడు చిక్కులు కనిపిస్తాయి. నీళ్లు పోవడానికి నేలకు వాలు పెడతారు. రేకుల చిల్లుల్లోంచి ఎండ చారలు బోర్డు మీద పడతాయి. బోర్డు వెనకే గీతల గీతల రోలింగ్ షట్టర్ ఉంటుంది, కెమెరా ఆ గీతలను చూసి తికమకపడుతుంది. షట్టర్ మీద ఒక్క రంగు పరదా కట్టిస్తే మూడోది తీరుతుంది. వాలుకు మందు లేదు, చోటు మార్చాల్సిందే.

పని వరుస:

1. కారును నిలిపి, స్టీరింగ్ నేరుగా ఉంచాలి. లోపల ఎవరూ కూర్చోకూడదు, తలుపులు మూసి ఉండాలి.
2. తూనిక గుండు దారంతోనో లేజర్‌తోనో కారు నడిమి గీతను నేల మీద గుర్తించాలి. ముందు లోగోను చూసి కంటి అందాజుతో చేయకూడదు.
3. మాన్యువల్ చెప్పిన చోటు నుంచే దూరం కొలవాలి. కొన్నిటికి ముందు చక్రం మధ్య నుంచి, కొన్నిటికి బంపర్ నుంచి. ఒకదానికి బదులు ఇంకొకటి కొలిచి, రెండు గంటలు ఎందుకు కావట్లేదని తల పట్టుకోవడం మామూలే.
4. బోర్డు నడిమి గీతకు లంబంగా ఉందో రెండు చివరల నుంచీ కొలిచి చూడాలి.
5. ఎత్తు సరిచేసి, స్కానర్‌లో సరైన మోడల్, సంవత్సరం ఎంచి మొదలుపెట్టాలి.
6. నడుస్తున్నప్పుడు కారుకూ బోర్డుకూ మధ్య ఎవరూ నడవకూడదు. చాయ్ తెచ్చే పిల్లాడితో సహా.

మీరు చూడాల్సింది ఒకటే: టేపు పట్టి కొలుస్తున్నారా లేదా. కొలవకుండా బోర్డు తెచ్చి నిలబెట్టేస్తే "అన్నా, ఒక్కసారి కొలవరాదే" అని అడగండి.

## 6. రోడ్డు మీద నడిపి చేసేది

డైనమిక్ పద్ధతిలో బోర్డు ఉండదు. స్కానర్ తగిలించి, అది అడిగిన వేగంతో, గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నడపాలి. కెమెరా గీతలను, ముందున్న వాహనాలను చూసి సరిచేసుకుంటుంది. కొన్ని కార్లకు ఇది ఒక్కటే చాలు, కొన్నిటికి బోర్డు పని అయ్యాక ఇది కూడా కావాలి.

ఇద్దరు ఉండాలి. ఒకరు నడపాలి, ఇంకొకరు స్కానర్ చూడాలి. నడిపేవాళ్లు తెర వైపు కన్ను తిప్పకూడదు.

ఎక్కడ నడపాలి? హన్మకొండ, కాజీపేట లోపల కాదు. ఆటోలు, అరిగిన గీతలు, అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు ఉన్నచోట వేగం నిలవదు, లెక్క ముందుకు పోదు. మడికొండ దాటి 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ వైపు పోవడం మంచిది. నాలుగు వరుసలు, మధ్యలో డివైడర్. కరీంనగర్ వాళ్లకు రాజీవ్ రహదారి, నిర్మల్, ఆదిలాబాద్ వాళ్లకు 44వ నంబరు రహదారి ఉన్నాయి. విస్తరణ పనులు జరుగుతున్న రోడ్లు వద్దు. పాత గీతలు, కొత్త గీతలు, డైవర్షన్లు కలిసి కెమెరాను తిప్పలు పెడతాయి.

ఎప్పుడు నడపాలి? సూర్యుడు ఎదురు ఉండొద్దు. వరంగల్ నుంచి జనగామ వైపు రోడ్డు నైరుతికి పోతుంది. కాబట్టి పొద్దున పోతే ఎండ వీపు వైపు ఉంటుంది. సాయంత్రం అయితే అటు నుంచి వరంగల్‌కు వచ్చేటప్పుడు చేయించండి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు విడిచే దాకా ఆగాలి. వాన పడుతుంటే అసలే వద్దు, తడి రోడ్డు మెరుపులో గీత కనిపించదు.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. కోతల కాలంలో ఊళ్ల పక్క రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. అంచు గీత మొత్తం కప్పుకుపోతుంది. కెమెరాకు ఎడమ గీత దొరకదు, పని ఎంత అయిందో స్కానర్ తెర మీద చూపే శాతం కదలదు. ఎవరినీ తప్పుపట్టేది కాదు, ఆ దారి వదిలి ఇంకో దారి పట్టడమే.

నడిపేటప్పుడు ముందు లారీకి దగ్గరగా వెళ్లొద్దు, అది గీతలను మూసేస్తుంది. ఎడమ లేన్‌లో, నిలకడగా, లేన్ మారకుండా నడపండి. శాతం ఒకచోట ఆగిపోతే గాబరాపడి వేగం పెంచొద్దు. గీతలు బాగున్న చోటికి వచ్చాక అదే కదులుతుంది.

## 7. ఫెయిల్ అని వస్తే

"ఇంకోసారి కొడదాం" అని అదే బటన్ పదిసార్లు నొక్కడం వల్ల ఏమీ రాదు. ఈ వరుసలో వెతకండి.

- వెంటనే ఆగిపోతోంది: బ్యాటరీ వోల్టేజీ చూడండి. తర్వాత ఇతర కోడ్‌లు. బ్రేకు, స్టీరింగ్ యూనిట్లలో కోడ్ ఉంటే చాలా కార్లు కాలిబ్రేషన్ మొదలుపెట్టనివ్వవు.
- బోర్డు కనపడటం లేదంటోంది: ఎండ చార, బోర్డు మీద మెరుపు, తప్పు దూరం, తప్పు బోర్డు. మళ్లీ టేపు పట్టండి.
- కోణం పరిమితి దాటిందంటోంది: బ్రాకెట్‌లో కెమెరా క్లిప్పు పూర్తిగా పడలేదేమో విప్పి చూడాలి. పడిందంటే బ్రాకెట్ వంకర, లేదా అద్దం వంకరగా కూర్చుంది. ఇది స్కానర్‌తో తీరేది కాదు. అద్దం మళ్లీ దించాల్సిందే, ఆ ఖర్చు దుకాణానిదే.
- రోడ్డు మీద శాతం కదలడం లేదు: గీతలు, వేగం, ఎదురెండ, లెన్సు ముందు మసక.
- అన్నీ సరిగ్గా ఉన్నా కావట్లేదు: స్కానర్ సాఫ్ట్‌వేర్ పాతది కావచ్చు, మోడల్ సంవత్సరం తప్పుగా ఎంచుకుని ఉండొచ్చు. కంపెనీ సొంత స్కానర్‌తో ప్రయత్నించాలి.

కెమెరా పాడైపోయింది, కొత్తది వేయాలి అని మొదటి ఫెయిల్‌కే చెబితే నమ్మొద్దు. పైవన్నీ చూశాకే ఆ మాట.

## 8. డబ్బు కట్టేముందు, కట్టిన తర్వాత

డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు లేదు కాబట్టి పని అయినట్టే అనుకోవద్దు. లైటు లేకుండానే కెమెరా పక్కచూపు చూడొచ్చు. మా బావ కారులో ఏ లైటూ వెలగలేదు.

రిపోర్టులో ఉండాల్సినవి:

- మీ కారు ఛాసిస్ నంబరు
- తేదీ, ఓడోమీటర్ కిలోమీటర్లు
- పనికి ముందు, తర్వాత కోడ్‌ల జాబితా
- కాలిబ్రేషన్ విజయవంతం అన్న వాక్యం

ఇది బిల్లుతో పాటు దాచండి. రేపు ఏదైనా జరిగితే బీమా వాళ్ల దగ్గర మాట్లాడేది ఈ కాగితమే.

తర్వాత మీరే ఒకసారి హైవే మీద పగటిపూట నడిపి చూడండి. మీటరులో లేన్ గుర్తు రెండు పక్కలా వెలగాలి. కారు ఒక పక్కకే జరుగుతుంటే, గీత దగ్గరికి పోకముందే ఒక వైపే కూత పెడుతుంటే తిరిగి తీసుకెళ్లండి. క్రూజ్‌లో (ముందు వాహనాన్ని బట్టి కారే వేగం సర్దుకునేది) ముందు వాహనాన్ని పట్టుకోవాలి, పక్క లేన్ వాహనాన్ని కాదు. చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి.

ఆటోమేటిక్ బ్రేక్ పని చేస్తుందా అని అట్టపెట్టె అడ్డం పెట్టి, తమ్ముణ్ని నిలబెట్టి పరీక్షించొద్దు. వీడియోల కోసం చేసేవాళ్లను చూసి కూడా వద్దు.

## 9. కొత్త అద్దం మీద ఏది ఎక్కడ

కొత్త అద్దం వేయించి కొండగట్టుకో భద్రకాళి గుడికో తీసుకెళ్తే పసుపు కుంకుమ బొట్టు పెట్టించుకుంటాం. మంచిదే. పూజారి గారికి ముందే చెప్పి బానెట్ మీద, లేదా అద్దం కింది అంచున పెట్టించండి. అద్దం పైన నడుమ స్వస్తిక్ పడితే కెమెరా కంట్లో కుంకుమ పడ్డట్టే. లోపలి అద్దానికి వేలాడదీసే దండలు, బొమ్మలు, వృత్తి స్టిక్కర్లు, డ్యాష్‌క్యామ్ అన్నీ కెమెరా కిటికీకి దూరంగా ఉండాలి.

అద్దం మీద నల్ల ఫిల్మ్ వద్దు. ముందు అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నది మోటారు వాహన నిబంధన. కెమెరా కూడా అదే వెలుతురుతో చూస్తుంది.

చివరగా ఫాస్టాగ్. పాత అద్దంతో పాటు అదీ పోతుంది. పీకి మళ్లీ అంటిస్తే లోపలి తీగ తెగి పని చేయదు. అద్దం మార్చే రోజే బ్యాంకు యాప్‌లో బదులు ట్యాగ్ అడగండి, పాతది మూయించండి. కొత్తది లోపలి అద్దం వెనుక అంటించేటప్పుడు నల్ల డబ్బాకు పక్కన అంటించండి, లెన్సు ముందు కాదు. ఇది మరిచిపోయి కాలిబ్రేషన్ నడకకు బయలుదేరితే జనగామ దారిలోని కొమల్ల టోల్ దగ్గర అదనంగా కట్టి, ఆగి, మళ్లీ మొదటి నుంచి శాతం లెక్క పెట్టుకోవాల్సి వస్తుంది.